చోళమండలంలో ఒక రోజు

మద్రసాలో పాఠాలు చెప్పుకునేవానికి ఊళ్లు తిరిగే అవకాశం తక్కువ. దీర్ఘమైన సెలవులంటే రంజాన్ సెలవులే. ఆ మాసం ప్రయాణాలకు ఉద్దేశించినది కాదు. అటువంటి నేను కిందటి శీతకాలంలో చెన్నై నగరానికి దక్షిణాన, సముద్రతీరాన ఉన్న ఒక చిత్రశాలను చూడడానికి వెళ్లానని తెలిసి నన్నెరిగినవారు విస్తుపోయారు. "మౌలానా సాబ్‌కు బొమ్మలతో ఏం పని?" అని ఒకరిద్దరు పైకే అడిగారు.

పని ఉంది. మా తమ్ముని కుమార్తె నెల్లూరులో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతోంది. చిన్ననాటి నుండి ఆమె చేతిలో పెన్సిలు ఆగదు. పై చదువుగా చిత్రకళ అభ్యసిస్తానని తండ్రితో చెప్పింది. మా తమ్ముడు ఆ రాత్రే నా ఇంటికి వచ్చాడు. "భాయీజాన్, నాకు రెండు సంగతులు తెలియాలి. ఇది ధర్మసమ్మతమైన విద్యేనా? దీనితో రేపు అన్నం దొరుకుతుందా? మీరు కాదంటే ఇక్కడితో ఆపేస్తాను" అన్నాడు.

మొదటి ప్రశ్నకు సమాధానం గ్రంథాల్లో వెతకగలను. రెండవదానికి నా అల్మారాలోని గ్రంథాలు చాలవు. పైగా, నేను "కాదు" అంటే ఒక ఆడపిల్ల చదువు మలుపు తిరుగుతుందన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదనిపించింది. ఆ అమ్మాయికి డ్రాయింగ్ నేర్పే ఉపాధ్యాయుడు చోళమండలం పేరు చెప్పి, అక్కడికి వెళ్లి చూడమన్నారట. ముగ్గురం బయలుదేరాం.

గూడూరు, సూళ్లూరుపేట మీదుగా రైలులో చెన్నై చేరి ట్రిప్లికేన్‌లో బస చేశాం. మరునాడు ఫజ్ర్ నమాజు వాలాజా మసీదులో. ఆర్కాటు నవాబు వాలాజా కుటుంబం 1795లో కట్టించిన మసీదు ఇది. బూడిదరంగు నల్లరాతి కట్టడం. కొయ్య, ఇనుము వాడకుండా నిర్మించారని ప్రసిద్ధి. దీనికి మరో ప్రత్యేకత ఉంది. నిర్మాణ సంవత్సరాన్ని సూచించే పారశీక పద్యాన్ని రచించినవారు నవాబు కొలువులో ఉన్న రాజా మఖన్ లాల్ ఖిరత్ అనే హిందూ పండితుడు. ఆ పద్యాన్ని రాతిపై చెక్కించారు.

నమాజు ముగిశాక అమ్మాయికి ఆ విధానం వివరించాను. అరబీ లిపిలో ప్రతి అక్షరానికి ఒక విలువ ఉంది. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4. దీనిని అబ్జద్ లెక్క అంటారు. కవి పద్యం చెబుతాడు. అందులోని నిర్ణీత పదాల విలువలు కూడితే కట్టడం వెలసిన సంవత్సరం వస్తుంది. "అయితే బడే అబ్బా, అక్షరం చదువుకోవడానికీ, లెక్కకూ, చూడడానికీ మూడింటికీ పనికొస్తుందన్నమాట" అందామె. నేను ఇన్నేళ్లుగా అబ్జద్ పాఠం చెబుతున్నాను గాని మూడవ సంగతిని అంతగా పట్టించుకోలేదు.

ఉదయం ఉపాహారం చేసి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా బస్సులో ఇంజంబాకం వెళ్లాం. నేడు ఆ దారి పొడవునా మేడలు, హోటళ్లు, వినోదశాలలు. రోడ్డుకు తూర్పు వైపు, సముద్రం దిక్కున ఒక ద్వారం. లోపల చెట్ల నీడలు. అదే చోళమండలం చిత్రకారుల గ్రామం. చోళమండలం అన్న మాటే పాశ్చాత్య వర్తకుల నోట కోరమాండల్ అయిందని చెబుతారు. ఆ కోరమాండల్ తీరంలోనిదే మా నెల్లూరు, ఇంకా పైన మచిలీపట్నం కూడా. ఆ లెక్కన మేము పరాయి తీరానికేమీ వెళ్లలేదు.

ఈ ఊరు పుట్టిన కథను నేను ముందుగా కొంత చదువుకున్నాను, అక్కడ మరికొంత తెలుసుకున్నాను. మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు ఒక కళాపాఠశాలను స్థాపించాడు. ఎగ్మూరు ప్రాంతంలో ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ లలితకళల కళాశాల అదే. తెలుగువారికి మద్రాసే రాజధానిగా ఉన్న రోజుల్లో మన ప్రాంతపు యువకులు కూడా చిత్రకళ కోసం ఆ గడప తొక్కారు. 1957లో దానికి కె.సి.ఎస్. పణిక్కర్ ప్రిన్సిపాల్ అయ్యారు. 1911లో కోయంబత్తూరులో జన్మించిన మలయాళీ ఆయన. తండ్రి మరణంతో చదువు మానుకుని, కుటుంబ పోషణకై తంతి శాఖలో ఉద్యోగం చేశారు. పాతికేళ్ల వయసులో మళ్లీ విద్యార్థిగా ఆ కళాపాఠశాలలో చేరారు. ఆకలి అంటే ఏమిటో, ఆలస్యంగా అందే విద్య ఎంత విలువైనదో ఆయనకు ఎవరూ చెప్పవలసిన పని లేదు.

ఆయన ప్రిన్సిపాల్‌గా ఉండగా ఒక సంగతి ఆయనను బాధించింది. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన విద్యార్థులు, చదువు పూర్తయ్యాక పొట్ట గడవక కుంచె వదిలేసి ఏదో ఒక కొలువులో చేరిపోతున్నారు. చిత్రాలు కొనేవారు మద్రాసులో చాలా తక్కువ. చాలామంది ఉపాధ్యాయులు ఇక్కడితో ఆగిపోతాం. "మేం నేర్పవలసింది నేర్పాం, రిజ్కు ఇచ్చేవాడు అల్లాహ్" అని చేతులు దులుపుకుంటాం. ఉపాధినిచ్చేది అల్లాహ్‌యే, సందేహం లేదు. కాని ఒంటెను కట్టివేసి ఆపైన దైవంపై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ కూడా మనకు తెలుసు గదా!

పణిక్కర్, ఆయన విద్యార్థులు చేసిన పని అటువంటిదే. చిత్రాలు అమ్ముడుపోకపోతే చేతిపనులు అమ్ముదామని నిశ్చయించారు. బాటిక్ వస్త్రాలు అద్దారు. కరిగించిన మైనంతో గుడ్డపై నమూనా గీసి రంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కసారి మైనం పూసి, ముంచి, చివరకు వేడినీటిలో మైనాన్ని తొలగిస్తారు. ఎండిన మైనం పగిలినచోట సన్నని గీతలు పడతాయి. ఆ గీతలే బాటిక్‌కు గుర్తు. ఈ వస్త్రాల అమ్మకంతో వచ్చిన ధనాన్ని కూడబెట్టి 1966లో ఇంజంబాకం వద్ద ఇసుక నేల కొన్నారు. అప్పటికి అది ఒక జాలరి పల్లె. ఈనాటి విశాలమైన రోడ్డు లేదు. దాదాపు నలభై మంది కళాకారులు ఆ ప్రయత్నంలో కలిశారు. ఎవరి వాటాలో వారు ఇల్లు వేసుకున్నారు. పగలు చేతిపని, మిగిలిన వేళల్లో చిత్రలేఖనం, శిల్పం.

ఒక ధనికుని దానంతోనో, ప్రభుత్వ భిక్షతోనో గాక స్వహస్తాలతో సంపాదించుకున్న నేల అని విన్నప్పుడు మా తమ్ముని ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. దావూద్ (అ) ప్రవక్త తన చేతి కష్టంతోనే భుజించేవారని మేము చిన్ననాడు మా నాన్నగారి నోట వింటూ పెరిగినవాళ్లం.

అమ్మాయి మాత్రం మైనం దగ్గరే ఆగిపోయింది. "బడే అబ్బా, మన బందరు అద్దకాల్లోనూ పూర్వం నీలిరంగుకు మైనమే వాడేవారట" అంది. నిజమే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు రేవు నుండి పారశీక దేశానికి ఓడల్లో వెళ్లిన అద్దకపు వస్త్రాలపై చెట్లు, తీగలు, పూలు ఉండేవి. కలంకారీ అన్న పేరే పారశీకం నుండి వచ్చింది. కలం అంటే లేఖిని. నేను రోజూ చేత పట్టే కలమూ, ఆ అద్దకపువారి కలమూ ఒకటే మాటని నాకు తెలుసు. ఒకటే పని కూడా కావచ్చునని ఆ రోజు తోచింది.

లోపల చెట్ల మధ్య రాతి శిల్పాలు, లోహశిల్పాలు నిలిచి ఉన్నాయి. సముద్రపు గాలికి వాటిపై ఉప్పు తడి. చిత్రశాల భవనంలో మద్రాసు కళాకారుల చిత్రాలను, శిల్పాలను శాశ్వత ప్రదర్శనగా ఉంచారు. 2009లో ప్రారంభించిన ప్రదర్శనశాల ఇది. పణిక్కర్ 1977లో మరణించారు. ఈ గ్రామాన్ని చాలాకాలం ముందుండి నడిపిన ఆయన కుమారుడు, లోహశిల్పి ఎస్. నందగోపాల్ కూడా 2017లో కన్నుమూశారు. తొలి తరంవారిలో కొందరు విదేశాలకు వెళ్లిపోయారు, కొందరు కాలం చేశారు. వారి పనులు మాత్రం పక్కపక్కనే, కలిసి బ్రతికిన రోజుల్లోలాగే ఉన్నాయి.

అక్కడున్నవాటిలో దేవతారూపాలున్నాయి, మనుషుల రూపాలున్నాయి. నా విశ్వాసం నాకుంది. దానిని దాచుకోలేదు, దానితో ఎవరినీ నొప్పించనూ లేదు. మా తమ్ముడు నా వైపు చూశాడు. అతని మొదటి ప్రశ్నకు అక్కడే ఒక మూల నిలబడి సమాధానం చెప్పాను.

సహీహ్ బుఖారీలో ఒక ఉల్లేఖనం ఉంది. బొమ్మలు చేయడమే జీవనాధారమైన ఒక వ్యక్తి ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి తన పరిస్థితి చెప్పుకున్నాడు. ఆయన ప్రాణుల రూపాలు చేసేవారి గురించి తాను దైవప్రవక్త (స) నుండి విన్న హెచ్చరికను వినిపించారు. ఆ మనిషి ముఖం పాలిపోయింది. అప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి) అతన్ని అలాగే పంపివేయలేదు. ఈ వృత్తి తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోమని దారి చూపారు. ప్రాణుల చిత్రాల విషయంలో మన విద్వాంసుల మధ్య వివరాల్లో చర్చ ఉంది. నేను చదివిన గురువుల మార్గం జాగ్రత్తగా ఉండమనేదే. కాని చెట్టు, ఆకు, అల, ఓడ, కట్టడం, అక్షరం, అల్లిక, అద్దకం... ఇంత విశాలమైన ప్రపంచం తెరిచే ఉంది. "అంటే పూర్తిగా కాదనరన్నమాట" అన్నాడు తమ్ముడు. "కాదనే ముందు ఏది అవునో చెప్పాలి" అన్నాను.

ఆ మాట అన్నాను గాని, అది నాకే ఎదురు తిరుగుతుందని తెలియదు.

పణిక్కర్ చిత్రాల్లో 'పదాలు, ప్రతీకలు' అనే వరుస ఒకటి ఉంది. 1963 నుండి ఆయన వేసినవి. చూస్తే పాత జాతక పత్రంలా, ఎవరో రాసుకున్న లెక్కల కాగితంలా ఉంటాయి. మలయాళ లిపిని పోలిన సన్నని వరుసలు, అంకెలు, రేఖాగణితపు గీతలు, గడులు. చదవబోతే ఒక్క మాటా తెలియదు. చదవడం మాని చూస్తే చక్కగా ఉంటుంది. జీవితమంతా అక్షరాన్ని సరిగ్గా పలికించడంలో గడిపిన నాకు, పలకని అక్షరం ముందు నిలబడడం కొత్త అనుభవం. ఉదయం వాలాజా మసీదులో చూసిన అక్షరాలు ఒక సంవత్సరాన్ని దాచుకున్నాయి. ఇవి దేనినీ దాచుకోలేదు.

ఆ చిత్రాలకు మూలమేమిటో కూడా తెలిసింది. గణితం చదువుకునే ఒక విద్యార్థి నోటు పుస్తకంలోని పేజీ. అంకెలు, అక్షరాలు, గీతలు, దిద్దినవారి రంగు పెన్సిలు గుర్తులు. ఆ పేజీని చూడగా పణిక్కర్‌కు ఒక కొత్త చిత్రభాష తోచిందట. అప్పటికి ఆయన యాభై ఏళ్లు దాటినవారు, ఒక కళాశాలకు అధిపతి. ఒక పిల్లవాని నోటు పుస్తకం చూసి నేర్చుకున్నారు.

నేను కూడా ఒకసారి ఒక విద్యార్థి నోటు పుస్తకం చూశాను. సుమారు పన్నెండేళ్ల కిందటి మాట. వ్యాకరణ పాఠం చెబుతున్నాను. వెనుక వరుసలో ఒక బాలుడు తలవంచి ఏదో గీస్తున్నాడు. వెళ్లి పుస్తకం లాక్కున్నాను. చివరి పేజీలో చిలుక బొమ్మ. అందరి ముందూ ఆ పేజీ చింపి నాలుగు ముక్కలు చేశాను. పాఠం వినకపోవడం తప్పు, నేను గద్దించడంలో దోషం లేదు. కాని చింపాక ఆ పిల్లవానితో నేను మరొక్క మాట మాట్లాడలేదు. "ఇది కాదు, ఇది గీయి" అనలేదు. అలిఫ్‌ను అందంగా రాయడం నేర్పుతానని చెప్పలేదు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం నాకు అప్పుడూ తెలుసు. దాని మొదటి సగమే ఆచరించాను. ఆ బాలుడు చదువు పూర్తి చేశాడు, వినయంగానే ఉన్నాడు. మళ్లీ నా కంటపడేలా ఏమీ గీయలేదు. అది నా బోధన ఫలితమని అప్పట్లో సంతోషించాను కూడా.

ఆ చిత్రం ముందు నుండి కదలడానికి నాకు కొంతసేపు పట్టింది.

పక్కన బయటి కళాకారులకు అద్దెకిచ్చే ప్రదర్శనశాలలున్నాయి. ఒక గదిలో ఒక యువకుడు తన చిత్రాలను గోడకు తగిలిస్తూ, దారం కట్టి ఎత్తు సరిచూసుకుంటున్నాడు. మా మాటలు విని తెలుగులో పలకరించాడు. చిత్తూరు వైపు వాడట. తాటిచెట్లు, ఎండిన చెరువులు, రాతిగుట్టలు అతని చిత్రాలు. మా తమ్ముడు మొహమాటం లేకుండా అడిగాడు: "బాబూ, దీని మీద బతుకు గడుస్తుందా?"

ఆ అబ్బాయి నవ్వాడు. "దీని మీదే అయితే గడవదండీ. బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేస్తాను. సెలవుల్లో పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాను. కిందటిసారి ప్రదర్శన పెట్టినప్పుడు హాలు అద్దె వచ్చింది, ఫ్రేముల ఖర్చు రాలేదు."

"మరి ఎందుకు పెడుతున్నావు?"

"గోడ మీద పెడితేగాని నా తప్పులు నాకు కనబడవండీ" అన్నాడు. తరువాత మా అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, ఏం నేర్చుకున్నా సరే, దానితోపాటు చేతిపని ఒకటి నేర్చుకో. అద్దకమో, అక్షరాలు రాయడమో. అది అన్నం పెడుతుంది, ఇది పక్కన ఉంటుంది" అన్నాడు. అర్ధ శతాబ్దం కిందట బాటిక్ గుడ్డలు అద్దినవారి సలహా కూడా ఇదే అయి ఉండాలి. ఆశ పెట్టకుండా, భయపెట్టకుండా మాట్లాడిన ఆ యువకుడిని మా తమ్ముడు ఎంతో మెచ్చుకున్నాడు.

అస్ర్ వేళకు సముద్రం వైపు నడిచాం. తడి ఇసుక మీద జాలరుల పడవలు బోర్లించి ఉన్నాయి. నమాజు చేసుకుని కూర్చున్నాం. అమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసి పడవ ఒకటి గీయసాగింది. కొయ్యల అతుకు, తాళ్ల ముడులు, వల మడతలు అన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీదికి వస్తున్నాయి. నేను పక్కన కూర్చుని చూశాను. అంత శ్రద్ధగా ఒక వస్తువును నేను ఎన్నడూ చూడలేదు. సృష్టిని చూసి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ పదే పదే చెబుతుంది. పాఠంలో ఆ ఆయతులు వచ్చినప్పుడల్లా నేను వాటి అర్థం చెప్పాను. చూడడం ఎలాగో చెప్పలేదు.

"బేటీ, నీకేం కావాలి?" అని అడిగాను. అప్పటిదాకా ఆ మాట మేమెవరం ఆమెను అడగలేదు.

"వస్త్రాల మీద పని, బడే అబ్బా. అద్దకం, రంగులు, నమూనాలు. ఖత్ కూడా నేర్చుకోవాలని ఉంది. మీకు వచ్చినంత మీరు నేర్పండి" అంది.

మా తమ్ముడు సముద్రం వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఫారాలు ఎప్పుడు వస్తాయో కనుక్కో" అన్నాడు. ఇప్పుడామె వస్త్ర రూపకల్పన కోర్సులో చేరింది. ఆదివారాలు నా దగ్గర వెదురు కలంతో అలిఫ్, బే దిద్దుతోంది. నా అలిఫ్ కంటే ఆమె అలిఫ్ నిటారుగా ఉంటుంది.

నెల్లూరు తిరిగి వచ్చాక నాకు మరొక పని మిగిలింది. ఆ పాత విద్యార్థి ఇప్పుడు పట్టణంలో ఇళ్లకు కరెంటు వైరింగు పని చేస్తున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. వెతుక్కుంటూ వెళ్లాను. నన్ను చూసి గౌరవంగా లేచి కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. ఆ రోజు సంగతి ఎత్తి, "నీ చిలుక బొమ్మ చింపాను. నన్ను క్షమించు" అన్నాను.

అతను కాసేపు నా వైపు చూశాడు. "అది చిలుక బొమ్మ కాదు, ఉస్తాద్. మా ఊరి చెరువుగట్టు మీది మర్రిచెట్టు. పేజీ నిండా ఊడలు, ఆకులు వేశాను. చిలుక పైకొమ్మ మీద చిన్నగా ఉండింది" అన్నాడు.

నాకు మాట రాలేదు. పన్నెండేళ్లపాటు నేను గుర్తుపెట్టుకున్న చిత్రంలో చెట్టే లేదు. ఏది ధర్మసమ్మతమో అదే ఆ పేజీ నిండా ఉంది. నేను దానిని చూడకుండానే చింపాను.

"పోనివ్వండి ఉస్తాద్" అని అతనే నన్ను ఊరడించాడు. లోపలి నుండి అతని చిన్న కూతురు వచ్చి మా మధ్య నిలబడింది. చేతిలో పలక, పలక మీద పిచ్చిగీతలు. ఈసారి పలకను లాక్కోలేదు. చూపించమని అడిగాను.

ఇప్పుడు మా మద్రసాలో గురువారం పాఠాలయ్యాక ఒక అరగంట పిల్లలు వెదురు కలాలతో ఖత్ దిద్దుతారు. ఇష్టమున్నవారు ఆకులు, తీగలు గీస్తారు. ఇదేమీ పెద్ద కార్యం కాదు. ఈ వ్యాసం చదివే తల్లిదండ్రులకు, నా తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. మన పిల్లల నోటు పుస్తకాల చివరి పేజీలు అప్పుడప్పుడు తీరికగా చూడండి. దిద్దవలసింది ఉంటే దిద్దండి. అంతకు ముందు పేజీ అంతా చూడండి. మనకు అప్పగించబడిన ఈ పసి చేతుల విషయంలో అల్లాహ్ మనకు మంచి చూపును ప్రసాదించుగాక! ఆమీన్.